నిలకడ లేని పసికళ్ళు

రెండు మూడు నెలల బిడ్డ కళ్ళు అదేపనిగా అటూ ఇటూ ఊగుతుంటే తావీజు కట్టి ఊరుకోకండి, కంటి డాక్టరుకు చూపించండి. ఇది నిస్టాగ్మస్. కారణాలు అనేకం, ఒంటికి, జుట్టుకు రంగు లేకుండా పుట్టే ఆల్బినిజం వాటిలో ఒకటి. (బొల్లి వేరు, ఇది వేరు.) మెలనిన్ కొరవడితే రెటీనా నడిమి భాగం పూర్తిగా ఎదగదు. మామూలుగా ఒక్కో కంటి నరంలో సగానికి కాస్త ఎక్కువ పోగులే మెదడు అవతలి పక్కకు దాటుతాయి. వీరిలో చాలా ఎక్కువ దాటిపోతాయి. అందుచేత రెండు కళ్ళ చూపు కలవక, లోతు పసిగట్టడం కష్టమవుతుంది. మేనరికాలలో ఈ లోపానికి అవకాశం ఎక్కువ.

తల ఓరగా పెట్టి చదివే పిల్లవాణ్ణి మాస్టారు "తిన్నగా కూర్చో" అని గద్దించడం అన్యాయం. ఆ వంపులోనే కళ్ళ ఊపు తగ్గి అక్షరం నిలుస్తుంది. ముందు బెంచీ, పెద్ద అక్షరాల పుస్తకం, తగిన కళ్ళద్దాలు, ఎండకు టోపీ ఇప్పించండి.