సంఘం కంప్యూటరుకు కాపలా: ఫైర్‌వాల్ ఎంపిక

పాల సేకరణ కేంద్రానికి కంప్యూటరు వచ్చిన తరువాత తూకం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., ధర అన్నీ ఒకే చీటీ మీద అచ్చయి సభ్యుని చేతికి వస్తున్నాయి. సౌకర్యమే. అయితే సంఘం లెక్కలన్నీ ఇప్పుడు ఒకే పెట్టెలో ఉన్నాయి. దర్శి, కురిచేడు, దొనకొండ, ముండ్లమూరు వైపు వానల మీద నమ్మకం లేక గేదె పాలతోనే ఇల్లు గడుపుకొనే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ పెట్టె తెరచుకోకపోతే పాల బిల్లు ఆగుతుంది. బిల్లు ఆగితే దాణా కొట్టులో అప్పు పెరుగుతుంది. కనుక ఈ పాఠాన్ని కార్యదర్శులతో బాటు పాలకవర్గ సభ్యులు కూడా చదువవలెను.

"మా పల్లెటూరి సంఘం మీద ఎవరి కన్ను పడుతుంది?" అని కొందరు అనుకోవచ్చు. దాడి చేసేది చాలాసార్లు మనిషి కాదు, ప్రోగ్రాము. అది ఊరి పేరు చూడదు, తలుపు తీసి ఉన్న కంప్యూటరు కోసం వెతుకుతుంది. 2017 మే 12న ప్రపంచమంతటా ప్రబలిన వాన్నాక్రై ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లను కూడా కొన్నింటిని పట్టుకొన్నది. ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి 300 డాలర్లు అడిగింది. 2019 ఏప్రిల్ నెలాఖరులో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు ఇటువంటి దాడికే లోనయ్యాయి. వాటిలో తిరుపతి కేంద్రంగా గల దక్షిణ ప్రాంత సంస్థ ఒకటి. ఆనాడు ప్రకాశం జిల్లాకు కరెంటు ఇచ్చినది అదే.

సహకార రంగానికి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉన్నది. సహకార బ్యాంకులకు, గ్రామీణ బ్యాంకులకు కంప్యూటరు సేవలందించే సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ అనే సంస్థ మీద 2024 జూలై చివర దాడి జరిగింది. గాలికుంటు సోకిన పశువును మందలోనుంచి వేరుకట్టినట్లు, చెల్లింపుల సంస్థ ఎన్.పి.సి.ఐ. ఆ సంస్థ సంబంధాన్ని తాత్కాలికంగా తెంపివేసింది. దానితో దేశంలో సుమారు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు చెల్లింపులు ఆగాయి. మరునాడు సంబంధం పునరుద్ధరించారు.

ఇక ఫైర్‌వాల్ అంటే ఏమిటి? టీకా పశువు ఒంట్లో పనిచేస్తుంది, కంచె దొడ్డి బయట పనిచేస్తుంది. యాంటీవైరస్ టీకా వంటిది, ఫైర్‌వాల్ కంచె వంటిది. ఒకటి ఉన్నదని రెండవది మానరాదు. కంప్యూటరుకు పోర్టులు అనబడే తలుపులు 65,535 వరకు ఉంటాయి. ఫైళ్లు పంచుకొనే తలుపు నంబరు 445. వాన్నాక్రై దూరినది దీనిలోనుంచే. దూరం నుంచి కంప్యూటరును నడిపించే తలుపు 3389. మనం అడిగిన దానికి వచ్చే జవాబును ఫైర్‌వాల్ లోనికి రానిస్తుంది, అడగకుండా వచ్చి తలుపు తట్టిన వానిని ఆపుతుంది. ఇంతే దాని ముఖ్యమైన పని.

ఎంపిక విషయంలో మా అభిప్రాయం సూటిగా చెప్పుచున్నాము. విండోస్‌తో వచ్చే ఫైర్‌వాల్ సంఘానికి చాలును. 2004లో ఎక్స్‌పీ రెండవ సర్వీస్ ప్యాక్ నుంచి అది తనంతట తానే పనిచేస్తున్నది. అంతకుముందు చాలామంది జోన్‌అలార్మ్ వంటివి విడిగా వేసుకొనేవారు. విడిగా దొరికేవి లోపలినుంచి బయటకు పోయే ప్రోగ్రాములను కూడా నిలదీస్తాయి. అది మంచి గుణమే. కాని తెల్లవారుజామున పాల క్యాను ఎదురుగా వరుస నిలబడి ఉండగా, తెరమీద మాటిమాటికీ ప్రశ్న వస్తే పరీక్షకుడు చదవకుండానే "అనుమతి" నొక్కుతాడు. అటువంటి కాపలా ఉన్నా లేనట్లే. పుణె వారి క్విక్ హీల్, చెన్నై వారి కె7 వంటి ప్యాకేజీలలో ఫైర్‌వాల్ కలిసి వచ్చేవి ఉన్నాయి. కొన్నవారు వాడుకొనవచ్చును. రెండు ఫైర్‌వాల్‌లు మాత్రం ఒకేసారి నడపరాదు, ఒకదానికొకటి అడ్డుపడతాయి. చందా గడువు ముగిసిన నాడు ఏది పనిచేస్తున్నదో తప్పక చూసుకొనవలెను.

విండోస్ సెక్యూరిటీ తెరచి, ఫైర్‌వాల్ విభాగంలో డొమైన్, ప్రైవేట్, పబ్లిక్ మూడింటికీ "ఆన్" ఉన్నదో లేదో చూడండి. సెల్‌ఫోను హాట్‌స్పాట్‌తో నడిపేవారు పబ్లిక్ అనియే ఎంచుకోవలెను. ఫైళ్లు పంచుకొనే అవసరం లేనిచోట దానిని మూసివేయండి. యంత్రం బాగుచేయడానికి వచ్చిన మెకానిక్కు "కాసేపు ఫైర్‌వాల్ ఆపుతాను" అంటే, అతడు వెళ్లేలోగా తిరిగి పెట్టించండి. దూరం నుంచి నడిపే ప్రోగ్రాము వేసి ఉంటే పని అయిన వెంటనే తీయించండి. ఇక్కడే ఎక్కువ సంఘాలు ఏమరుపాటుగా ఉంటాయి.

పాత విండోస్ మీద ఎంత మంచి కంచె వేసినా ప్రయోజనం తక్కువ. వాన్నాక్రైకి మందు మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలోనే విడుదల చేసింది. వేసుకొననివారే ఎక్కువగా నష్టపోయారు. విండోస్ 7కు మామూలు భద్రతా మరమ్మతులు 2020 జనవరిలో, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న ఆగిపోయాయి. కొత్త కంప్యూటరు కొనే తీర్మానం పెట్టేటప్పుడు పాలకవర్గం ఈ తేదీలు గుర్తుంచుకొనవలెను.

మనమే పిలిచి లోపలికి తెచ్చుకొన్న దొంగను ఫైర్‌వాల్ ఆపలేదు. బ్యాంకు నుంచి అని చెప్పి ఓ.టి.పి. అడిగినవానికి చెప్పినా, వాట్సాప్‌లో వచ్చిన ఏదో ఫైలు తెరచినా దాని బాధ్యత కాదు. అందుచేత ప్రతి పూట లెక్కను పెన్‌డ్రైవ్‌లోనికి ఎక్కించి, దానిని కంప్యూటరు నుంచి తీసి బీరువాలో పెట్టండి. తగిలించి ఉంచితే తాళం దానికీ పడుతుంది. తెరమీద డబ్బు అడిగే ప్రకటన కనబడితే ముందు నెట్ తీగ పీకి, వైఫై ఆపి, యూనియన్ కార్యాలయానికి తెలుపండి. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఆ పూట పాలు మాత్రం చేతి రిజిస్టరులో వ్రాసి సేకరించండి.