మంద్రమునుండి వినుము



నీ జాబు చేరినది. వివాల్డీ ‘నాలుగు ఋతువుల’ను ఐదారుగురు విద్వాంసులు వాయించగా ఫోనులో వింటిననియు, ఒకరి వేగము మరియొకరికి లేదనియు, ఒకరి శ్రుతి మరియొకరి శ్రుతికంటె దిగి యున్నదనియు, ఒకానొక బృందము వాయించునపుడు తీగలను గీచినట్లు కర్కశధ్వని పుట్టుచున్నదనియు వ్రాసి, వీనిలో సరియైనది ఏదో చెప్పుమని అడిగితివి. విజయనగరమున గురుముఖముగా ఫిడేలు నేర్చుచున్న దానవు గనుక నీకు ఈ సందేహము కలుగుట సహజమే. మనలో పాఠాంతరములు ఎన్ని యున్నను, ప్రతి పాఠము వెనుకను ఒక శిష్యపరంపర నిలిచి యుండును. ఈ సంగీతమునకు అట్టి పరంపర నడుమ తెగిపోయినది.

ఆంటోనియో వివాల్డీ 1678లో వెనీసు నగరమున జన్మించి, 1703లో క్రైస్తవ పురోహితుడై, ఆ యేటనే పియెటా అను అనాథ బాలికాశ్రమమున ఫిడేలు ఉపాధ్యాయుడుగా కుదిరెను. ఆ బాలికలు కటకటాల చాటున నిలిచి వాయించుచుండగా వినుటకు దూరదేశముల యాత్రికులు సైతము వచ్చుచుండిరి. ఒక వాద్యము ముందు నిలిచి తక్కిన బృందముతో సంవాదము జరుపునట్టి కాన్చెర్టో అను రచనలను ఆయన వందలకొలది చేయగా, వానిలో అనేకము ఆ బాలికల వ్రేళ్లకొరకు పుట్టినవే. 1711లో ఆమ్‌స్టర్‌డామున అచ్చయిన పండ్రెండు కాన్చెర్టోల సంపుటము ఆయన కీర్తిని ఆల్ప్సు పర్వతములు దాటింపగా, జర్మనీలో వైమారు ఆస్థానమున కొలువుండిన యువకుడు యోహాన్ సెబాస్టియన్ బాఖ్ వానిలో కొన్నింటిని ఆర్గనుకును, తీగలను మీటు మెట్ల వాద్యమగు హార్ప్సికార్డుకును అనువగునట్లు తిరుగ వ్రాసికొని, ఆ అభ్యాసము వలననే ఈ రచనా నిర్మాణపు కిటుకును పట్టుకొనెను. ‘నాలుగు ఋతువులు’ 1725లో వెలువడిన మరియొక సంపుటములోనివి. 1741లో వివాల్డీ వియన్నా నగరమున బీదతనముతో కన్నుమూసెను. క్రమముగా ఆయన పేరు చరిత్రకారులకు మాత్రమే తెలిసిన పేరయ్యెను. 1920ల చివరిభాగమున ఆయన వ్రాతప్రతుల రాశి బయటపడి టూరిన్ గ్రంథాలయమునకు చేరినది. 1950ల తొలినాళ్లలో రోములో ఏర్పడిన ఇ మూజిచి వంటి బృందములు గ్రామఫోను రికార్డుల మూలమున ‘నాలుగు ఋతువుల’ను ఇంటింటికిని చేర్చినవి. నేడు హోటళ్లలోను లిఫ్టులలోను విసుగు పుట్టునంతగా మ్రోగుచున్న ఈ సంగీతము లోకమునకు పరిచితమైనది మా తరములోనే సుమా! వివాల్డీ చేతిని చూచినవారి శిష్యప్రశిష్యులు ఎవ్వరును మిగులలేదు గనుక, వాయించువారందరును కాగితమును చదివి ఊహించువారే. వారిలో చక్కగా ఊహించువారును పేలవముగా ఊహించువారును కలరు గాని, సరియైనవాడు ఒక్కడు లేడు.

నీవు కర్కశమన్న ధ్వనిని గూర్చి కొంత విస్తరించి చెప్పవలెను. ఆనాటి ఫిడేలు తీగలు గొఱ్ఱెప్రేగులతో చేసినవి. కమాను నేటిదానివలె వెండ్రుకల వైపునకు వంగక, వెలుపలికి విల్లువలె ఉబ్బి, పొట్టిగను తేలికగను ఉండెడిది. నేడు వాడుకలో నున్న కమాను రూపమును 1785 ప్రాంతమున పారిస్ నగరమున ఫ్రాన్స్వా తూర్త్ స్థిరపరచెను. గడ్డము ఆనించు బిళ్ల 1820 ప్రాంతమున గాని రాలేదు. కొత్త కమాను స్వరమును మొదటినుండి తుదివరకు ఒకే నిండుతనముతో సాగదీయగలదు. పాతది అట్లు కాదు. ప్రతి స్వరమును సన్నగా పుట్టి, నడుమ ఉబికి, తానై తగ్గిపోవును. కనుక పాత పనిముట్లతో వాయించినపుడు పాటకంటె మాట యెక్కువ వినబడును, హల్లులు స్పష్టముగా పలుకును. ఆ హల్లులే నీ చెవికి రాపిడిగా తోచినవి. 1977లో ఆలిస్ హార్నన్‌కూర్ తన భర్త నడుపు వియన్నా బృందముతో కలిసి రికార్డు చేసిన ‘ఋతువులు’ విన్నపుడు మాలో పెద్దలు కొందరు చెవులు మూసికొనిరి; పదిసార్లు విన్న పిదప నాకు మెరుగు పెట్టిన పూర్వపు రికార్డులే చప్పగా తోచినవి. ఇక శ్రుతి సంగతి. నేటి పాశ్చాత్యులు షడ్జమువలె ఆధారముగా గొను ‘ఏ’ స్వరమును 440 కంపనములకు నిలుపగా, ప్రాచీన వాద్యబృందములు 415 వద్ద, ఇంచుమించు అరమెట్టు క్రిందుగా నిలుపుచున్నవి. ఇదియు శాస్త్రవాక్యము కాదు. ఆనాడు ఊరూరికి శ్రుతి మారుచుండగా, ఈ 415 అనునది నేటివారు తమ సౌకర్యమునకై చేసికొన్న ఒప్పందము.

ఇంతకంటె ముఖ్యమైనది, కాగితముపై లేనిది. ఆ కాలపు రచయిత మంద్రస్వరముల వరుసను వ్రాసి, దానిపై అంకెలు గుర్తువేసి, హార్ప్సికార్డు వాయించువాడు మిగిలినదానిని అప్పటికప్పుడు పూరించునని నమ్మి విడిచిపెట్టెడివాడు. ‘శరదృతువు’ రెండవ భాగమును చూడుము: పంట పండుగలో మద్యము త్రాగి నిద్రించు పల్లెవారిని సూచించుచు, తంత్రీవాద్యములన్నియు గొంతు తగ్గించి దీర్ఘస్వరములను పట్టి నిలిచి యుండగా, హార్ప్సికార్డు స్వరముల గుంపులను విడివిడిగా మీటవలెనని మాత్రమే ఆజ్ఞ యున్నది, ఎట్లు మీటవలెనో లేదు. ఐదుగురిని విన్నచో ఐదు నిద్రలు వినబడును. మనోధర్మమున పెరిగిన నీ చెవి ఇచ్చట చాలమంది పాశ్చాత్య శ్రోతలకంటె ముందుండును. అయితే ఒక హెచ్చరిక. ప్రతి పంక్తిలోను ఇది శంకరాభరణమా, కీరవాణియా యని వెదకకుము. ఆ సంగీతము రాగమున నిలుచునది కాదు, శ్రుతి విడిచి వేరు శ్రుతికి పయనించి మరల ఇల్లు చేరునది. రాగముకొరకు పొంచియున్న చెవికి ఆ పయనము తప్పుగా మాత్రమే వినబడును. అట్లే ‘ఋతువుల’తోపాటు అచ్చయిన పద్యములను ఒక్కసారి చదివి ప్రక్కన పెట్టుము. ‘వసంతము’లో వయోలా కుక్కయై మొఱుగుట తెలిసికొనుట సరదాయే గాని, కుక్కకొరకు కాచియుండువారు దానిపైని ఫిడేలును మఱచెదరు.

పైన చెప్పిన ఆ మంద్రపంక్తినే నీవు మొదట పట్టవలెను. బాఖ్ రచించిన ఈ-మేజర్ కాన్చెర్టోలోని విలంబభాగమున మంద్రవాద్యములు ఒక పలుకును ఎత్తుకొని మరల మరల పలుకుచుండగా, ఫిడేలు దానిపై దీర్ఘమైన ఆలోచనవలె తేలిపోవును. క్రింది పలుకు వినబడనివానికి పై ఫిడేలు అర్థము కాదు. నీ ఫోను చిల్లులలోనుండి ఆ క్రింది స్వరములు రానే రావు! నీవు సగము సంగీతమును విని సందేహములు వ్రాసితివని నా అనుమానము.

తరువాత వినవలసినది బాఖ్ రచించిన రెండు ఫిడేళ్ల డీ-మైనర్ కాన్చెర్టో. దాని మధ్యభాగమున రెండవ ఫిడేలే ముందుగా ఎత్తుకొనును. మొదటిది వెనుకవచ్చి అందుకొనును. 1932లో యెహూది మెనూహిన్ తన పదునారవ యేట గురువు ఎనెస్కుతో కలిసి వాయించిన రికార్డును వినుము. ఇరువది యేండ్లకు ఈ మెనూహినే మన దేశమునకు వచ్చి ఫిడేలు విద్వాంసులు ద్వారం వేంకటస్వామినాయుడుగారిని విని ముగ్ధుడయ్యెను. దానికంటెను ముందు, 1920ల చివర, వియన్నాలో ఆర్నాల్డ్ రోజే తన కుమార్తె ఆల్మాతో వాయించినది యొకటి కలదు. స్వరమునుండి స్వరమునకు వారు జారు జారులు నేటి ప్రాచీనవాద్యనిపుణులకు సరిపడవు. నీకు మాత్రము పరాయివిగా తోచవు. ఆ ఆల్మా 1944లో ఆష్విట్జ్ నిర్బంధశిబిరమున, ఖైదీలైన స్త్రీల వాద్యబృందమును నడుపుచు మరణించినది.

ఇక ‘ఋతువుల’ను వాయించిన కొత్తవారిలో నైజెల్ కెనెడీ 1989 నాటి రికార్డు లక్షలకొలది అమ్ముడుపోయినది. ఉత్సాహమున్నది, ఓపిక లేదు. ఫాబియో బియోండి నడుపు ఇటలీ బృందము 1991లో చేసినది నాకు ఇష్టము. తుపాను తుపానుగా వచ్చును, మౌనము మౌనముగా నిలుచును. మాక్స్ రిక్టర్ 2012లో ఆ రచనను విడదీసి తన స్వరములతో మరల అల్లినదానిని సినిమాలకు విడిచిపెట్టుము.

ఈ జాబుతో కొంత సొమ్ము పంపుచున్నాను. మంచి హెడ్‌ఫోను కొనుక్కొనుము. కొత్త కాన్చెర్టోలకొరకు పరుగెత్తక, ‘శరదృతువు’ రెండవ భాగమొక్కటే ముగ్గురి చేతులలో విని, హార్ప్సికార్డు ఎచ్చట ఎట్లు వేరుపడినదో వచ్చు జాబులో నాకు వ్రాయుము.

నీ మేనమామ