తుమ్మెదకు తావు: ఒంటరి తేనెటీగలు – మన పంటలు

తెలుగు పద్యంతో కొద్దిపాటి పరిచయమున్న విద్యార్థికైనా తుమ్మెద తెలియకపోదు. భ్రమరమని, మధుపమని, షట్పదమని పేర్లు మార్చి మన కవులు దానిని ప్రతి ఉద్యానంలోను విహరింపజేశారు. పాల్కురికి సోమనాథుడు పేర్కొన్న దేశి పదాలలో తుమ్మెద పదాలు కూడ ఉన్నవి. ఉర్దూ విభాగపు విద్యార్థులు భౌంరా అని పిలిచేదీ దీనినే. కావ్యంలో పూవు నుండి పూవుకు తిరిగే ఈ విలాసి, రైతు వంగతోటలో మాత్రం జీతం లేని కూలి. ఆ పనిని గురించి, తుమ్మెద వంటి ఇతర ఒంటరి తేనెటీగలను గురించి, వాటిని నిలుపుకొనవలసిన అవసరాన్ని గురించి ఈ వ్యాసంలో సంగ్రహంగా వివరింపదలచినాము.

ఒంటరి ఈగల జీవనం

తేనెటీగ అనగానే తేనెపట్టు, రాణి, వేలకొలది కూలి ఈగలు మనకు స్ఫురిస్తవి. ప్రపంచంలో గుర్తింపబడిన తేనెటీగ జాతులు 20,000కు పైగా ఉన్నవి. వాటిలో తేనెపట్టు పెట్టే అసలు తేనెటీగల జాతులు పన్నెండుకు మించవు. తక్కిన వాటిలో అత్యధికం ఒంటరి జీవులు. వీటికి రాణి లేదు, కావలి లేదు, తేనె నిల్వ లేదు. ప్రతి ఆడ ఈగ తన గూడు తానే కట్టుకొంటుంది. పుప్పొడిని మకరందంతో తడిపి ముద్ద చేసి, చిన్న గదిలో ఉంచి, దానిపై ఒక గుడ్డు పెట్టి, గది మూసివేసి, పక్క గదికి పూనుకొంటుంది. చాలా జాతులలో కొన్ని వారాలకే తల్లి ఆయువు తీరిపోతుంది. ఆమె కూర్చిన ముద్దను తిని బిడ్డ పెరుగుతుంది గాని తల్లిని చూడదు.

గూళ్ల విషయంలో వీటికి పలు అలవాట్లున్నవి. ఎక్కువ జాతులు గట్టి నేలలో, పొలం గట్లలో సన్నని బొరియలు తవ్వుకొంటవి. ఆకు కత్తిరించే ఈగలు గులాబి, కంది ఆకులను గుండ్రంగా కోసి, చుట్టలు చుట్టి, బొంగులలోను గోడ రంధ్రాలలోను అమర్చుకొంటవి. తుమ్మెద ఎండిన కొమ్మను, వెదురు బొంగును తొలిచి అందులో కాపురముంటుంది.

తేనెపట్టు ఈగ చేయలేని పని

ప్రపంచపు ముఖ్యమైన 115 ఆహార పంటలను పరిశీలించి 2007లో ప్రకటించిన ఒక సమీక్ష, వాటిలో 87 పంటలు ఎంతో కొంత జంతువుల ద్వారా జరిగే పరాగ సంపర్కంపై ఆధారపడి ఉన్నవని తేల్చింది. అయితే ఆ పనికి తేనెపట్టు ఈగ ఒక్కటే చాలదా అని సందేహం కలుగవచ్చును. చాలదని చెప్పుటకు మన వంగపువ్వే సాక్ష్యం.

వంగపువ్వులో మకరందం ఉండదు. దాని పుప్పొడి తిత్తులు నిలువునా చీలవు; కొనలో సన్నని రంధ్రాలు మాత్రమే ఉంటవి. తుమ్మెద ఆ పువ్వును కాళ్లతో గట్టిగా పట్టుకొని, రెక్కలు ఆడించకుండానే రొమ్ము కండరాలను అతి వేగంగా కంపింపజేస్తుంది. జల్లెడ ఆడించినప్పుడు పిండి రాలినట్లు ఆ కదలికకు పుప్పొడి జలజల రాలుతుంది. నీలి చారల ఒంటరి ఈగకు కూడ ఈ విద్య తెలుసు. పట్టు పెట్టే తేనెటీగకు తెలియదు. టమాట పువ్వు నిర్మాణం కూడ ఇటువంటిదే. గాలికి కదిలినా కొంత పుప్పొడి రాలుతుంది కనుక ఈగ రానంత మాత్రాన తోట పూర్తిగా గొడ్డుపోదు. కాని ఈగ వాలిన పూలలో పిందె ఎక్కువగా నిలుస్తుంది, కాయ నిండుగా ఎదుగుతుంది.

కంది సంగతి మరొక విధం. సాధారణ కంది తన పుప్పొడితో తానే కాయగలదు. సంకర కంది విత్తనం తయారు చేయుటకు మాత్రం పుప్పొడి లేని ఆడ వరుసలకు పక్క వరుసల నుండి పుప్పొడి చేరవలెను. 1972లో పటాన్‌చెరులో నెలకొన్న ఇక్రిశాట్ ఈ సంకర వంగడాల రూపకల్పనకు పేరుపొందినది. కంది పుప్పొడి జిగురుగా ఉంటుంది, గాలికి ఎగిరిపోదు. దానిని మోసే వాటిలో ఆకు కత్తిరించే ఈగలు, తుమ్మెదలు ముఖ్యమైనవి. శాస్త్రజ్ఞుడు ఎంత శ్రమించినా, చివరి పని ఈ చిరుజీవులదే.

ఈగలు తక్కువైన చోట మనిషి ఏమి చేయవలసి వస్తుందో పొద్దుతిరుగుడు చేను చూపుతుంది. పూత దశలో ఉదయం పూట మెత్తని గుడ్డతో ఒక్కొక్క పువ్వును రుద్దవలెనని మన రైతులకు సలహా ఇస్తున్నారు. ఎకరంలోని పూలన్నింటిని రుద్దుటకు ఎన్ని చేతులు కావలెనో, ఎంత కూలి అగునో విద్యార్థులే లెక్కించుకొనవచ్చును.

2013లో అనేక దేశాల పరిశోధకులు 41 పంట వ్యవస్థలలో, 600 పొలాలలో చేసిన పరిశీలనలను ఒకచోట చేర్చి చూచినారు. తేనెపట్టు ఈగల రాక పెరిగినప్పటి కంటె, అంతే మేరకు అడవి కీటకాల రాక పెరిగినప్పుడు కాయ పట్టడం రెట్టింపుగా పెరిగినట్లు తేలినది. కావున తేనెపెట్టెలు మంచివే గాని, అవి ఒంటరి ఈగలకు బదులు కాజాలవు.

క్షీణతకు కారణాలు

ఒంటరి ఈగకు వెనుక బలగం లేదు. తేనెపట్టులో వంద కూలి ఈగలు చనిపోయినా రాణి మళ్లీ గుడ్లు పెట్టగలదు. ఇక్కడ ఒక్క తల్లి చనిపోతే, అంతటితో ఆ గూడు ఆగిపోతుంది. ఈ భేదం 2015లో స్వీడన్ దేశపు ఆవ జాతి నూనెగింజల పొలాలలో జరిగిన ప్రయోగంలో బయటపడినది. పురుగుమందు పట్టించిన విత్తనం చల్లిన పొలాల పక్క తేనెపట్టులకు చెప్పుకోదగిన హాని కనబడలేదు. అదే పొలాల పక్క ఒంటరి ఈగలు మాత్రం ఒక్క గూడు కూడ కట్టలేదు. ఆ మందు వర్గానికి చెందిన మూడింటిని ఆరుబయట వాడరాదని ఐరోపా సమాఖ్య 2018లో నిషేధించినది. తేనెటీగ బాగున్నదని చూచి మందు నిరపాయమని తలచరాదని దీని సారాంశం.

మందుతోపాటు గూటికి చోటు కరువగుట మరొక కారణం. గట్లను చదును చేయుట, కొయ్యకాళ్లు తగులబెట్టుట, ఎండు మోడులను పూర్తిగా ఏరివేయుట, పెరడంతా సిమెంటు పరచుట – ఇవన్నీ గూళ్లను నాశనం చేస్తవి. చిన్న ఈగలు గూటి నుండి కొన్ని వందల మీటర్లకు మించి పోజాలవు. పొలం దగ్గర గూడు లేనిచో పొలంలోకి ఈగ రాదు. గులాబి ఆకుపై గుండ్రని కోతలు చూచి, తెగులని భ్రమించి మందు కొట్టేవారు కూడ కలరు. ఆ కోతల వలన మొక్కకు కలిగే హాని స్వల్పం.

చేయదగిన పనులు

1. పొలం గట్టున కొంత నేలను దున్నకుండ, తడి నిలువకుండ విడిచిపెట్టవలెను.
2. ఎండు మోడులు, వెదురు బొంగులు కొన్నింటిని ఒక మూల ఉంచవలెను.
3. గట్లపై తులసి, బంతి, పొద్దుతిరుగుడు, కంది వంటివి వేసి, సంవత్సరంలో ఎక్కువ కాలం ఏదో ఒక పూత ఉండేటట్లు చూడవలెను.
4. పూత దశలో మందు మానలేనిచో, ఈగలు తిరిగే పగటివేళ గాక సాయంకాలం పొద్దుగూకిన తరువాత చల్లవలెను. అవసరం లేని మందు అసలే చల్లరాదు.

వీటిలో వేటికీ పెద్ద ఖర్చు లేదు. అన్నింటిని శుభ్రం చేయవలెనన్న తొందరను కొంత అణచుకొనుటయే కావలసినది. వంగ, టమాట పండించి సంతలో అమ్ముకొనే చిన్న రైతుకు పది కాయలు ఎక్కువైనా, తక్కువైనా అది ఆ పూట ఇంటి ఖర్చును తాకే విషయం.

మా కళాశాల కార్యవర్గానికి కూడ ఒక మనవి. ఆవరణ అంతటిని బండలతో కప్పకుండ, ఎండ తగిలే ఒక మూల మట్టినేలను, అందులో కొన్ని వెదురు బొంగుల కట్టలను ఉంచినచో అది విద్యార్థులకు ప్రత్యక్ష పాఠ్యస్థలం కాగలదు. ఏ నెలలో ఏ ఈగ వచ్చినది, ఏ బొంగు మూసుకొన్నది, ఏ పువ్వుపై వాలినది అన్నది విద్యార్థులు తెలుగులోనో, ఉర్దూలోనో రాసి ఉంచవలెను. ఆ రాతలలో మేలైన వాటిని వచ్చే సంచికలో ప్రచురించగలరని ఆశిస్తున్నాము.