వాద్యము మ్రోగాలి, మాట వినబడాలి



ఆరాధనలో వాద్యములు ఉండవచ్చునా? మన సంఘాలలో ఈ ప్రశ్న తరచుగా వస్తున్నది. పెద్దలు హార్మోనియం, తబలా చాలునంటారు. యౌవనస్థులు కీబోర్డు, డ్రమ్ములు కావాలంటారు. ఏదీ వద్దనేవారు కూడా ఉన్నారు. ఎవరి ఇష్టమో చూడక, వాక్యమును అడుగుదాము.

పాత నిబంధనలో దావీదు మందిర సేవకు వాద్యములతో పాడేవారిని నియమించాడు. వారిలో నేర్పుగలవారు 288 మంది (1 దినవృత్తాంతములు 25:7). హిజ్కియా కాలములో ఆ ఏర్పాటు యెహోవా ఆజ్ఞవలననే కలిగినదని చదువుతాము (2 దినవృత్తాంతములు 29:25). 150వ కీర్తనలో బూర మొదలు తాళముల వరకు అన్నీ స్తుతికి వచ్చాయి. కాబట్టి వాద్యమే పాపమని అనలేము.

అయితే నెబుకద్నెజరు నిలిపిన ప్రతిమ ముందు కూడా వాద్యములే మ్రోగాయి (దానియేలు 3:5). న్యాయము విడిచినవారి పాటలు, స్వరమండలముల నాదము తనకు వద్దని దేవుడు ఆమోసు ద్వారా చెప్పాడు (5:23, 24). వాద్యము మంచిదైనంత మాత్రాన ఆరాధన మంచిది కాదు.

క్రొత్త నిబంధనలో సంఘ కూడికకు వాద్యములు వాడుమనే ఆజ్ఞ లేదు, వాడవద్దనే ఆజ్ఞ కూడా లేదు. బాప్టిస్టు బోధకుడు స్పర్జన్ గారు (1834-1892) లండనులో ఆర్గన్ లేకుండానే వేలమంది చేత పాడించారు. మనకున్న కొలత 1 కొరింథీయులకు 14వ అధ్యాయములో ఉన్నది. పాట ఆత్మతో పాడాలి, మనస్సుతో కూడా పాడాలి. అర్థము తెలియని ధ్వని సంఘమును కట్టదు.

ఇతర రాష్ట్రాలలో స్థిరపడిన మనకు ఈ కొలత మరీ అవసరము. మన పిల్లలు కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ బళ్లలో చదువుతున్నారు. చాలామందికి తెలుగు అక్షరాలు రావు. వారు కీర్తన నేర్చుకొనేది చెవితోనే. ఒక ఆదివారము కీర్తన ముగిసిన తరువాత మేము ఒక చిన్నవానిని, "ఏమి పాడావు నాయనా?" అని అడిగాము. వాడు దరువు చక్కగా వేసి చూపించాడు. మాట ఒక్కటీ చెప్పలేకపోయాడు. ప్రక్కనే ఉన్న వాని నాయనమ్మ శ్రుతి అందక ఊరకే నిలిచింది. ఆ తప్పు వాద్యముది కాదు, దానిని అదుపులో పెట్టని మాది.

పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలకు రాగము, తాళము ఉన్నాయి. కాని ఆ రాగము మాటను మోస్తుంది, ముంచదు.

కాబట్టి మూడు పనులు చేద్దాము. మొదటి చరణము వాద్యము లేకుండా పాడుదాము. వృద్ధులకు, పిల్లలకు అందే శ్రుతి పెట్టుదాము. శనివారము సాయంత్రము వాయించే యౌవనస్థులతో పెద్దలు కూర్చుండి, పాట అర్థము చెప్పుదురు గాక.

బబులోనులో చెరపట్టబడినవారు దుఃఖముతో సితారాలను చెట్లకు తగిలించారు (కీర్తన 137). మనము చెరలో లేము. సితారాను దించి మ్రోగిద్దాము, మన పిల్లల నోట మాటను కూడా నిలుపుదాము.