పాత కారు, కొత్త భాగాలు: పునరుద్ధరణకూ మార్పుకూ మధ్య చట్టం గీసిన గీత

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలోనూ, అశోక్‌నగర్, నారాయణగూడ స్టడీ హాళ్లలోనూ పాలిటీ ఒక పుస్తకం, సైన్స్ మరో పుస్తకం, పర్యావరణం ఇంకో నోట్సు. ప్రశ్నపత్రం మాత్రం ఈ మూడింటినీ ఒకే ప్రశ్నలో కలిపి అడగగలదు. పాత కార్ల పునరుద్ధరణ అలాంటి అంశమే. గ్రూప్స్ అభ్యర్థులకూ, సహాయ మోటారు వాహనాల తనిఖీ అధికారి (ఏఎంవీఐ) పోస్టులకు చదివే డిప్లొమా విద్యార్థులకూ ఇది సమానంగా పనికొస్తుంది.

అసలు ప్రశ్న ఒక్కటే. పాత బండిని ఎంతవరకు బాగుచేస్తే అది పాత బండిగానే ఉంటుంది? ఎక్కడ దాటితే చట్టం దృష్టిలో మారిన బండి అవుతుంది?

నేపథ్యం

మధ్యస్థాయి కారులో పెద్ద ఇంజిన్ బిగించి తక్కువ ధరకు అమ్మిన అమెరికా కార్లను మజిల్ కార్లు అన్నారు. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీఓ ఈ ధోరణికి ఊపునిచ్చింది. 6.4 లీటర్ల వీ8 ఇంజిన్, 325 హార్స్‌పవర్. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. ఇప్పుడు ఇలాంటి కార్ల పైరూపాన్ని అలాగే ఉంచి లోపల ఆధునిక ఇంజిన్, డిస్క్ బ్రేకులు, కొత్త సస్పెన్షన్ అమర్చడాన్ని రెస్టోమోడ్ అంటున్నారు.

మన దేశంలో మజిల్ కారుకు దగ్గరగా వచ్చేది హిందుస్థాన్ మోటార్స్ కాంటెస్సా. బ్రిటన్‌లోని వాక్స్‌హాల్ విక్టర్ ఆధారంగా 1984లో మార్కెట్లోకి వచ్చింది. బాడీ భారీగా ఉన్నా, మొదట్లో అందులో ఉన్నది అంబాసిడర్‌లోని 1,489 సీసీ ఇంజినే. ఆ బరువుకు అది చాలలేదు. తర్వాత కంపెనీయే 1.8 లీటర్ల ఇసుజు ఇంజిన్, 5 గేర్ల గేర్‌బాక్సు పెట్టింది. ఉత్పత్తి 2002లో ఆగిపోయింది.

హైదరాబాద్ ఉదాహరణ

చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చూడండి. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దీన్ని ఆర్డర్ చేశారు. 1911 ఆగస్టులో ఆయన కన్నుమూయడంతో కారు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ వాడకంలోకి వచ్చింది. బాడీ కట్టింది లండన్‌కు చెందిన బార్కర్ సంస్థ. వెనుక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. ఇలాంటి కారును బాగుచేసేటప్పుడు ఇంజిన్, బాడీ, పనితనం దేన్నీ మార్చరు. ఎందుకంటే ఆ కారే ఒక చారిత్రక ఆధారం. దీన్ని 'పరిరక్షణ'కు ఉదాహరణగా, కాంటెస్సాలో కొత్త ఇంజిన్ పెట్టడాన్ని 'మార్పు'కు ఉదాహరణగా రాసుకోండి.

సైన్స్ కోణం: ముందు బ్రేకు, తర్వాతే ఇంజిన్

పాత కారు చేతికొస్తే కుర్రకారుకు ముందుగా ఇంజిన్ మీదే మనసు పోతుంది. అనుభవమున్న మెకానిక్ మాత్రం ముందు చక్రం విప్పి బ్రేకు చూస్తాడు. కారణం భౌతికశాస్త్రంలో ఉంది.

వస్తువు గతిజశక్తి దాని వేగ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు 120కి చేరితే వేగం రెట్టింపవుతుంది, శక్తి నాలుగు రెట్లవుతుంది. బ్రేకు తొక్కినప్పుడు ఆ శక్తిలో అధికభాగం ఘర్షణ ద్వారా వేడిగా మారుతుంది. డ్రమ్ బ్రేకులో షూలు డ్రమ్ము లోపల ఉంటాయి కాబట్టి వేడి త్వరగా బయటికి పోదు. వేడెక్కిన కొద్దీ లైనింగ్ పట్టు సడలుతుంది. డిస్క్ గాలికి తెరిచి ఉంటుంది, త్వరగా చల్లారుతుంది.

మరో లోపం మాస్టర్ సిలిండర్‌లో ఉంది. చాలా పాత కార్లలో నాలుగు చక్రాలకూ ఒకే హైడ్రాలిక్ సర్క్యూట్. ఒక్క పైపు పగిలినా బ్రేకులు పూర్తిగా పోతాయి. రెండు సర్క్యూట్ల ఏర్పాటులో ఒకటి పోయినా రెండోది పనిచేస్తుంది.

ఇంధనం సంగతీ గమనించాలి. దేశమంతటా సీసం లేని పెట్రోల్ 2000లో అమల్లోకి వచ్చింది. అంతకుముందు సీసమే వాల్వ్ సీట్లను అరుగుదల నుంచి కాపాడేది. అందుకే పాత ఇంజిన్ ఓవర్‌హాల్ చేసేటప్పుడు గట్టి లోహపు సీట్లు వేస్తారు. ఇప్పటి ఈ20 పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరు పైపులను, గ్యాస్కెట్లను దెబ్బతీస్తుంది. కార్బ్యురేటర్ బండి ఉన్నవారు ఇథనాల్‌కు తట్టుకునే పైపులు వేయించుకోవాలి.

పాలిటీ కోణం: ఎవరి అధికారం?

ఏడో షెడ్యూల్‌లోని ఉమ్మడి జాబితా 35వ అంశం: యాంత్రిక శక్తితో నడిచే వాహనాలు, వాటిపై పన్ను విధింపు సూత్రాలు. రాష్ట్ర జాబితా 57వ అంశం: వాహనాలపై పన్నులు. చట్టం కేంద్రానిది, రోడ్డు పన్ను రాష్ట్రానిది అని గుర్తుపెట్టుకోవాలి.

మోటారు వాహనాల చట్టం 1988, 1989 జులై 1న అమల్లోకి వచ్చింది. ఇందులోని మూడు సెక్షన్లు మన అంశానికి మూలం.

సెక్షన్ 41: సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత తనిఖీ చేయించి 5 ఏళ్ల చొప్పున పునరుద్ధరించుకోవాలి.

సెక్షన్ 52: తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు ఆర్‌సీలోని వివరాలు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. వాహన నిర్మాణంలో మార్పు వచ్చి మౌలిక లక్షణం మారిపోతే అదే 'ఆల్టరేషన్'. 2019 జనవరిలో కె.జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది.

సెక్షన్ 182ఏ(4): 2019 సవరణతో చేరింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, లేదా రెండూ.

వింటేజ్ నిబంధనలు, 2021

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 81ఏ నుంచి 81జీ వరకు 2021 జులైలో చేర్చారు. ముఖ్యాంశాలు:

• తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలు, కార్లు.
• అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో మార్పులతో కూడిన భారీ ఓవర్‌హాల్ జరిగి ఉండకూడదు.
• కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20 వేలు, తిరిగి రిజిస్ట్రేషన్‌కు రూ.5 వేలు. గడువు పదేళ్లు.
• నంబరులో రాష్ట్ర కోడ్ తర్వాత 'వీఏ' అక్షరాలు వస్తాయి. తెలంగాణ కోడ్ 2024 మార్చి నుంచి టీజీ.
• ప్రదర్శన, సాంకేతిక పరిశోధన, వింటేజ్ ర్యాలీ, ఇంధనం, మరమ్మతుల కోసమే రోడ్డెక్కాలి. వాణిజ్య వినియోగం నిషిద్ధం.
• అర్హతను రాష్ట్ర కమిటీ పరిశీలిస్తుంది.

విద్యుత్ కిట్లు

పాత ఇంజిన్ తీసి మోటారు, బ్యాటరీ పెట్టుకోవడానికి సెక్షన్ 52లోనే వెసులుబాటు ఉంది. అయితే కిట్‌కు ఏఐఎస్-123 ప్రమాణం ప్రకారం పుణెలోని ఏఆర్ఏఐ వంటి సంస్థల ఆమోదం ఉండాలి. హైదరాబాద్‌కు చెందిన ఇట్రియో కార్ల కోసం ఇలాంటి కిట్లు రూపొందించింది. తెలంగాణ 2020 విద్యుత్ వాహన విధానంలో తొలి 5 వేల ఆటోల మార్పిడికి ఖర్చులో 15 శాతం, గరిష్ఠంగా రూ.15 వేల ప్రోత్సాహకం పెట్టారు.

పొరపాటు పడే చోట్లు

వింటేజ్ హోదా, స్క్రాపింగ్ వేర్వేరు. స్క్రాపింగ్‌కు సంబంధించిన స్వచ్ఛంద వాహన ఆధునికీకరణ కార్యక్రమం 2021 ఆగస్టు 13న మొదలైంది. డీజిల్‌కు 10, పెట్రోల్‌కు 15 ఏళ్ల పరిమితిపై సుప్రీంకోర్టు 2018లో ఇచ్చిన ఉత్తర్వు ఢిల్లీ రాజధాని ప్రాంతానికే. దాన్ని తెలంగాణకు అన్వయించకూడదు.

మాదిరి ప్రశ్నలు

1. 1972లో రిజిస్టరై, అసలు ఇంజిన్‌తోనే ఉన్న చేతక్ స్కూటర్ వింటేజ్ అవుతుందా?
జవాబు: అవుతుంది. నిబంధన ద్విచక్ర వాహనాలకూ వర్తిస్తుంది.

2. 1984లో రిజిస్టరైన కాంటెస్సాకు ఆ అర్హత ఎప్పుడు?
జవాబు: 2034లో 50 ఏళ్లు నిండాక, అసలు రూపం చెడకుండా ఉంటేనే. అప్పటిదాకా సెక్షన్ 41 ప్రకారం సాధారణ పునరుద్ధరణ.

3. 1960 నాటి అంబాసిడర్‌కు ఆమోదిత విద్యుత్ కిట్ బిగించారు. దాని స్థితి?
జవాబు: ఆర్‌సీలో మార్పు నమోదైతే రోడ్డుపై నడపవచ్చు. ఇంజిన్ మారింది కాబట్టి వింటేజ్ కాదు.

మెయిన్స్ జవాబుకు దారి

'వారసత్వ వాహనాల పరిరక్షణ, రోడ్డు భద్రత పరస్పర విరుద్ధమా?' అని అడిగితే కాదనే రాయండి, కారణం చూపండి. అరుదైన అసలు బండిని మార్చకుండా కాపాడాలి, అది తక్కువగా తిరగాలి. రోజూ తిరిగే పాత బండికి మంచి బ్రేకులు, సీటు బెల్టులు కావాలి. ఆ మార్పులు చట్టబద్ధంగా, తనిఖీకి నిలిచేలా జరగాలి. ఇప్పుడు మార్పు చేయించాలనుకునే యజమానికి దారి కఠినంగా ఉంది. ఆమోదించిన బ్రేకు, బెల్టు కిట్ల జాబితాను రవాణా శాఖ తెలుగులో ప్రకటిస్తే, మెకానిక్ షెడ్డులో గుట్టుగా జరిగే పని ఎంవీఐ ముందుకు వస్తుంది. రేపు ఆ తనిఖీ కుర్చీలో కూర్చోబోయేది ఈ వీధుల్లో చదువుకుంటున్న మీలో కొందరే. మార్కుల కోసం నేర్చుకున్న ఈ తేడా అప్పుడు ప్రాణాలు కాపాడుతుంది.