బిగుతు గమ్‌బూట్లను సులువుగా తొడుక్కునే పద్ధతులు: కంబదూరు మెట్ట ప్రాంతానికి ఒక విస్తరణ పాఠం

సారాంశం

మెట్ట వేరుశనగ సాగులో పాముకాటు నుంచి, పురుగుమందుల తడి నుంచి కాళ్లను కాపాడే సాధనాలలో గమ్‌బూటు ముఖ్యమైనది. లేసులు, జిప్పులు లేని ఈ బూటును తొడగడం, విప్పడం కష్టమైతే రైతు దానిని రెండవసారి ముట్టుకోడు. బూటు ఎక్కడ, ఎందుకు పట్టేస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది. కొలత, మేజోడు, పొడిదనం, పట్టీ, విప్పే పలక అనే ఐదు అంశాల ద్వారా ఆ ఇబ్బందిని తగ్గించే మార్గాలను, వాటిని పొలంలో పరీక్షించే విధానాన్ని సూచిస్తుంది.

కీలక పదాలు: గమ్‌బూటు, పాముకాటు, ఘర్షణ, వేరుశనగ, రక్షణ దుస్తులు, కంబదూరు

ఉపోద్ఘాతం

అనంతపురం జిల్లాలో కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న కంబదూరు మండలం వర్షాధార సాగుకు నెలవు. జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. లోతు తక్కువగా ఉన్న ఎర్రనేలల్లో ఖరీఫ్ వేరుశనగ ప్రధాన పంట. జూన్, జూలై నెలల్లో విత్తడం, ఆపై కలుపు తీయడం, మందుల పిచికారీ, అక్టోబరు, నవంబరు నెలల్లో చెట్టు పీకి వాములు వేయడం ఇక్కడి పనుల క్రమం. వాములో కాయలకు ఎలుకలు చేరుతాయి, ఎలుకల వెంట పాములు వస్తాయి. రాళ్ల గట్లు, ముళ్లకంచెలు చిన్నపింజరకు ఆశ్రయమిస్తాయి. రక్తపింజర, నాగుపాము పగలు, రాత్రి కూడా ఎదురుకావచ్చు. కట్లపాము ముఖ్యంగా రాత్రివేళ సంచరిస్తుంది.

2000 నుంచి 2019 వరకు భారతదేశంలో పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది, అంటే ఏటా సగటున 58,000 మంది మరణించినట్లు 2020లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం అంచనా వేసింది. వాటిలో దాదాపు సగం జూన్, సెప్టెంబరు నెలల మధ్య సంభవించాయి. మరణాలు అధికంగా ఉన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. 2030 నాటికి పాముకాటు మరణాలను సగానికి తగ్గించాలన్న లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. పొలంలో పడే కాట్లలో అధికభాగం పాదం, చీలమండ, పిక్క దిగువ భాగాలపైనే పడుతాయి. గమ్‌బూటు కప్పే భాగం సరిగ్గా అదే.

పురుగుమందుల చట్టం కింద రూపొందించిన 1971 నిబంధనలలోనూ రక్షణ దుస్తుల జాబితాలో చేతి తొడుగులు, కళ్లద్దాలతో పాటు బూట్లు చోటు చేసుకున్నాయి. చరిత్రను చూసినా రబ్బరు బూటుకు రైతుతో పాత బంధమే ఉంది. 1853లో ఫ్రాన్సులో హైరమ్ హచిన్‌సన్ స్థాపించిన కర్మాగారం పొలం పనివారి చెక్క పాదరక్షలకు బదులుగానే రబ్బరు బూట్లను తయారుచేసింది. ఇంత ఉపయోగం తెలిసినా మెట్ట పొలాల్లో గమ్‌బూటు అరుదుగా కనిపిస్తుంది. ధర, వేడి, బరువు ఇందుకు కొంతవరకు కారణాలు. విస్తరణ సమావేశాలలో తక్కువగా చర్చకు వచ్చే కారణం మరొకటి ఉంది. చెమట పట్టిన కాలు బిగుతు బూటులోకి సులువుగా దిగదు, దిగిన తరువాత సులువుగా రాదు. పని మధ్యలో నీరు తాగడానికో, ఇంట్లోకి వెళ్లడానికో పదేపదే విప్పి తొడగవలసిన మనిషికి ఇది చిన్న ఇబ్బంది కాదు.

బూటు ఎక్కడ పట్టేస్తుంది?

గమ్‌బూటులో పిక్కను కప్పే గొట్టం, పాదం ఉండే అడుగుభాగం, ఈ రెండూ కలిసే వంపు అనే మూడు భాగాలున్నాయి. వంపు వద్ద కాలు దాదాపు 90 డిగ్రీలు తిరగాలి. నిలబడినప్పుడు ఆ చోట ఉండేది చీలమండ. తొడిగే క్షణంలో ఆ సన్నని చోటు నుంచి దాటవలసినది మాత్రం మడమ కొన నుంచి మీగాలి మీదుగా తిరిగి మడమకు చేరే చుట్టుకొలత. ఇది చీలమండ చుట్టుకొలత కంటే ఎప్పుడూ ఎక్కువ. కాబట్టి లోపలికి వెళ్లిన తరువాత సరిపోయే బూటు కూడా వెళ్లేటప్పుడు ఆగిపోతుంది. బిగుతుకు మూలం ఎక్కువ సందర్భాలలో బూటు పొడవు కాక ఈ మడమ–మీగాలు చుట్టుకొలతే.

రెండవ కారణం ఘర్షణ. వంపు మీదుగా లాగే వస్తువుకు కావలసిన బలం ఘర్షణ గుణకం, వంపు కోణం పెరిగేకొద్దీ ఘాతీయంగా పెరుగుతుంది. గిలక చుట్టూ తాడును లాగే సూత్రమే దీనికి ఆధారం. ఘర్షణ గుణకం 0.5 అనుకుంటే 90 డిగ్రీల వంపు వద్ద అవసరమయ్యే బలం సుమారు 2.2 రెట్లు అవుతుంది. అదే గుణకం 0.2కు తగ్గితే 1.4 రెట్లే చాలు. పాదం తాడు వంటిది కాదు గనుక ఈ అంకెలను కచ్చితమైన కొలతలుగా తీసుకోరాదు. అయితే అవి చూపే దిశ సరైనదే: ఘర్షణలో కొద్దిపాటి తగ్గుదల వంపు వద్ద పెద్ద తేడాను తెస్తుంది. కొద్దిగా చెమర్చిన చర్మానికి పొడి చర్మం కంటే ఘర్షణ ఎక్కువ. ఉదయం దిగిన బూటు మధ్యాహ్నం మొరాయించడానికి ఇదొక కారణం. ఎండలో నిలబడి పనిచేసిన పాదం కొంత ఉబ్బడం మరొకటి.

మూడవ కారణం చర్మంపై, కాలిపై ఉండే అడ్డంకులు. మడమ పగుళ్లు బూటు లోపలి గుడ్డకు పట్టుకుంటాయి. స్త్రీల మెట్టెలు, పట్టీలు కూడా అలాగే తగులుకుంటాయి.

కొనే ముందు కొలత

బూటుపై ఉండే అంకె పాదం పొడవుకే గుర్తు. మన దేశంలో వాడుకలో ఉన్న బ్రిటిష్ పద్ధతిలో ఒక అంకెకు, తరువాతి అంకెకు మధ్య తేడా అంగుళంలో మూడవ వంతు, అంటే సుమారు 8.5 మిల్లీమీటర్లు. వెడల్పు, మీగాలి ఎత్తు, పిక్క లావు గురించి ఆ అంకె ఏమీ చెప్పదు. దక్షిణ భారతంలో చెప్పులు లేకుండా నడిచే అలవాటున్న వారిపై జరిపి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో వారి పాదాల ముందుభాగం వెడల్పుగా ఉన్నట్లు తేలింది. చెన్నైలోని కేంద్ర చర్మ పరిశోధన సంస్థ దేశవ్యాప్తంగా లక్ష మందికి పైగా ప్రజల పాదాలను కొలిచి, భారతీయులకు ప్రత్యేక కొలతల పద్ధతి అవసరమని ప్రతిపాదించింది. కనుక పొడవు ఒక్కటే చూసి గ్రామానికంతటికీ ఒకే అంకె బూట్లను తెప్పించడం సరికాదు.

కొలత సాయంత్రం, నిలబెట్టి, వాడబోయే మేజోడుతోనే తీసుకోవాలి. రెండు పాదాలనూ కొలిచి పెద్దదానిని ప్రమాణంగా తీసుకోవాలి. నమోదు చేయవలసినవి నాలుగు: మడమ నుంచి పొడవైన వేలి వరకు పొడవు, వేళ్ల మొదళ్ల చుట్టుకొలత, మడమ–మీగాలు చుట్టుకొలత, పిక్క అత్యధిక చుట్టుకొలత. బూటులో వేలి ముందు ఒక సెంటీమీటరు ఖాళీ, పిక్క చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల వదులు ఉంటే చాలు. అంతకంటే వదులైతే నడకలో మడమ లేచి బొబ్బలు వస్తాయి, గొట్టంలో రాళ్లు, గింజలు పడతాయి. వంపు లోపలి చుట్టుకొలతను టేపుతో తీయడం కష్టం గనుక తొడిగి చూడడమే దానికి పరీక్ష. కలుపు తీత, కోత పనుల్లో స్త్రీలే ఎక్కువగా ఉంటారు కాబట్టి వారి కొలతలను వేరుగా నమోదు చేయాలి. పురుషుల బూట్లలో చిన్న అంకెను ఇచ్చి సరిపెట్టరాదు.

తొడుక్కునే క్రమం

1. బూటును తలకిందులు చేసి, గట్టిగా దులిపి, లోపల చూడాలి. తేలు, జెర్రి, పాము దాగి ఉండవచ్చు. చేయి పెట్టి తడమరాదు.

2. పాదాన్ని పొడిగుడ్డతో తుడిచి రెండు మూడు నిమిషాలు ఆరనివ్వాలి. పగిలిన మడమకు ముందురోజు రాత్రే లేపనం రాయాలి, తొడిగే ముందు రాయరాదు.

3. పిక్క వరకు వచ్చే నునుపైన మేజోడు వేసుకోవాలి. నూలు మేజోడు చెమటను పీల్చుకుంటుంది, నైలాన్ మేజోడు సులువుగా జారుతుంది. లోపల నూలు, పైన పలుచని నైలాన్ వేస్తే రెండు గుణాలూ కలిసివస్తాయి. మెట్టెలు తీయమని చెప్పడం ఆచరణలో చెల్లదు. వాటిపై ఒక పలుచని గుడ్డపట్టీ చుట్టి మేజోడు వేయిస్తే సరిపోతుంది. పట్టీలను పిక్క వైపు జరపాలి.

4. మడమపై, మీగాలిపై కొద్దిగా టాల్కం పౌడరు రాయాలి. బియ్యప్పిండి, మైదా వాడితే బూజు పడుతుంది, ఎలుకలు చేరుతాయి. బూడిద చెమటతో కలిసి చర్మాన్ని మండిస్తుంది.

5. బండపైనో మంచంపైనో కూర్చుని, కాలివేళ్లను ముందుకు చాచి, పాదాన్ని కాలికి వీలైనంత తిన్నగా ఉంచి దించాలి. వంపు వద్ద ఆగినప్పుడు మడమను నేలకు తట్టి, బూటు రెండు పక్కల అంచులను సమానంగా పైకి లాగాలి. ఒక పక్కే లాగితే గొట్టం ముడుచుకుంటుంది.

6. అప్పటికీ దిగకపోతే పాత పట్టు లేదా పాలిస్టరు చీర నుంచి చించిన జానెడు వెడల్పు పట్టీని మడమ వెనుక ఉంచి, రెండు కొనలను గొట్టం పైన పట్టుకుని కాలిని దించాలి. మడమ దిగగానే పట్టీని పైకి లాగివేయాలి. గొట్టం కంటే పొడవుగా, అంచులు నునుపుగా చెక్కిన వెదురు బద్ద కూడా ఇదే పని చేస్తుంది.

7. పిచికారీ పనికైతే ప్యాంటు అంచును బూటుపైకి తీసి ఉంచాలి. లోపలికి దోపితే కారిన మందు బూటులో నిలిచి పాదాన్ని నానబెడుతుంది.

విప్పే క్రమం

తడిసిన పాదానికి, బూటు అడుగుకు మధ్య గాలి చొరబడకపోతే లాగేకొద్దీ పీల్పు ఏర్పడుతుంది. మడమను రెండు మూడుసార్లు అటూ ఇటూ కదిపి గాలి లోనికి వెళ్లనివ్వడం మొదటి మెట్టు. ఆ తరువాత బూటు విప్పే పలక ఉపయోగపడుతుంది. అరచేతి వెడల్పు, మూర పొడవు ఉన్న చెక్కపలకకు ఒక కొనలో మడమ పట్టేంత ‘వి’ ఆకారపు గాటు కోసి, గాటుకు కొంచెం వెనుక అడుగున చిన్న చెక్కముక్క బిగిస్తే పలక సిద్ధమవుతుంది. ఒక కాలితో పలకను తొక్కి, రెండవ బూటు మడమను గాటులో ఇరికించి కాలిని పైకి తీయాలి. గ్రామంలోని వడ్రంగి మిగులు చెక్కతోనే దీనిని చేయగలడు. పిచికారీ తరువాత మందు అంటిన బూటును చేతితో తాకనవసరం లేకపోవడం దీని అదనపు ప్రయోజనం.

చేయదగిన మార్పులు, చేయకూడనివి

గొట్టం పై అంచున రెండు పక్కలా బలమైన నాడాతో వేలు పట్టే ఉచ్చులు కుట్టించుకోవచ్చు. కుట్టు పై అంచుకే పరిమితం కావాలి. పిక్క వద్ద మాత్రమే బిగుతుగా ఉంటే వెనుక వైపు పై అంచు నుంచి మూడు నాలుగు వేళ్ల లోతున చీల్చి, అక్కడ అదే మందం గల రబ్బరు ముక్కను త్రికోణంగా అతికించవచ్చు. వంపు వద్ద, చీలమండ వద్ద చీల్చిన బూటు రక్షణగా పనికిరాదు.

వేరుశనగ నూనె, కొబ్బరినూనె, కిరోసిన్, గ్రీజు రాసి తొడగడం కొందరికి అలవాటు. నూనెలు సహజ రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి. పీవీసీ బూటులోని మెత్తదనాన్నిచ్చే పదార్థాన్ని కిరోసిన్ లాగివేయడంతో అది గట్టిపడి పగులుతుంది. ఎండలో, పొయ్యి దగ్గర ఆరబెట్టడం కూడా హానికరమే. బూటును సబ్బునీటితో కడిగి, లోపల పాత కాగితాలు కుక్కి, నీడలో ఆరిన తరువాత తలకిందులుగా కొయ్యకు తగిలించాలి.

పాముకాటు వేళ బిగుతు బూటు

బూటు పైభాగాన కాటు పడినా, పలుచని బూటులోంచి కోర దిగినా, వాపు మొదలయ్యే ముందే బూటును, మెట్టెలను, పట్టీలను తీసివేయాలి. వాపు పెరిగితే బిగుతు బూటు కట్టుగా మారి రక్తప్రసరణను అడ్డుకుంటుంది. ఈ సమయంలో కాలిని గుంజడం, నడిపించడం మంచిది కాదు. బూటు సులువుగా రాకపోతే కత్తెరతో నిలువునా కోసివేయాలి. తాడు కట్టడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం నిషిద్ధం. ధైర్యం చెప్పి, కాలు కదలకుండా ఉంచి, 108 వాహనంలోనో దొరికిన వాహనంలోనో విషవిరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. సులువుగా విప్పగల బూటు ఎందుకు కావాలో రైతుకు వివరించడానికి ఇంతకంటే బలమైన కారణం లేదు.

విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు సూచనలు

రోజంతా బూటు ధరించాలని చెబితే కంబదూరు ఎండలో ఆ సలహా నిలవదు. రాత్రి నీటి తడి, వాము కదిలించడం, గట్ల శుభ్రత, పిచికారీ అనే నాలుగు పనులకు బూటు తప్పనిసరి అని చెప్పడం ఆచరణసాధ్యం. ప్రదర్శనలో బూటును చూపించి ముగించక, ప్రతి రైతు, రైతుమహిళ స్వయంగా మూడుసార్లు తొడిగి విప్పేలా చూడాలి. ఒక నిమిషంలోపు ఇతరుల సాయం లేకుండా తొడగగలిగితే ఆ కొలత సరైనదని భావించవచ్చు. మయన్మార్‌లో రైతుల రక్షణ బూట్లపై జరిగిన అధ్యయనాలు సైతం వాటి ఆమోదయోగ్యతను ప్రధాన ప్రశ్నగా తీసుకున్నాయి.

విద్యార్థులు దీనిని చిన్న క్షేత్ర ప్రయోగంగా చేపట్టవచ్చు. వట్టికాలు, నూలు మేజోడు, నైలాన్ మేజోడు, నైలాన్ మేజోడుతో టాల్కం పౌడరు అనే నాలుగు చర్యలను తీసుకోవాలి. బూటు ఉచ్చులకు స్ప్రింగు త్రాసు తగిలించి మడమ దిగేందుకు అవసరమైన గరిష్ఠ బలాన్ని, పట్టిన సమయాన్ని నమోదు చేయాలి. వరుసలు మనుషులుగా, నిలువు వరుసలు ప్రయత్న క్రమంగా 4×4 లాటిన్ చతురస్రాన్ని ఎంచుకుంటే, వ్యక్తుల తేడా, పోనుపోను పెరిగే చెమట ప్రభావం రెండూ విడిపోతాయి. ఒక చతురస్రంలో దోషానికి మిగిలే స్వేచ్ఛాంకాలు ఆరే గనుక కనీసం మూడు చతురస్రాలు వేయడం మేలు. ప్రతి ప్రయత్నం తరువాత పాదాన్ని తుడిచి పది నిమిషాల విరామం ఇవ్వాలి. పౌడరు అవశేషం తరువాతి ఫలితాన్ని మార్చకుండా బూటు లోపలి భాగాన్నీ తుడవాలి.

ముగింపు

రక్షణ సాధనం విలువ అది ధరించిన గంటలలోనే ఉంటుంది. మడమ–మీగాలు కొలత తీసుకుని ఎంచిన బూటు, నునుపైన మేజోడు, పొడి పాదం, రెండు ఉచ్చులు, వడ్రంగి చేసిన పలక అన్నీ గ్రామంలోనే సమకూరేవి. గమ్‌బూట్ల పంపిణీకి ముందు కొలతల నమోదును, పంపిణీ రోజున తొడిగించి చూసే ప్రదర్శనను తప్పనిసరి చేయాలి. వాము కదిలించే పని మొదలయ్యే అక్టోబరుకు ముందే ఈ రెండు మెట్లు పూర్తయితే, బూటు అవసరమైన రోజున రైతు కాలికే ఉంటుంది.