రోడ్డు పనిలో మధ్యాహ్న విరామం: ఎవరికి ఉంది, ఎవరికి లేదు?

యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదు. చేయిస్తే కంపెనీకి ఒక్కో కార్మికుడికి 5,000 దిర్హాములు, మొత్తం 50,000 వరకు జరిమానా.

తారు వేయడం లాంటి, మధ్యలో ఆపలేని పనులకు మాత్రం మినహాయింపు ఉంది. తారు చల్లారాక రోలర్ తొక్కినా సరిగ్గా అణగదు, రోడ్డు త్వరగా పాడవుతుంది. అయితే అప్పుడు కూడా చల్లటి నీళ్లు, నీడ, ఫస్ట్ ఎయిడ్ కంపెనీయే ఏర్పాటు చేయాలి.

"రోడ్డు పని కదా, విరామం లేదు" అని ఫోర్‌మన్ అంటే ఊరుకోకండి. అంచు రాళ్లకు రంగు వేయడం, పక్కన ఇసుక ఊడ్చడం 3 తర్వాత కూడా చేసుకోవచ్చు. చోటు, తేదీ, టైము రాసుకుని కార్మిక మంత్రిత్వ శాఖ నంబరు 600590000కి ఫోన్ చేయండి.